సోడా కెగ్‌లో గ్యాస్ లీకవుతుంటే: రింగు మార్చాలా, మూత మార్చాలా, కెగ్గే మార్చాలా?

కావలిలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్. దానికి మూడు రోజుల ముందు నెల్లూరులో మా ఇంట్లోనే రెండు కెగ్‌లు, అంటే గ్యాస్ పట్టించి సోడా నిల్వ చేసే స్టీలు పీపాలు, నింపాను. ఒకదాంట్లో నన్నారి సోడా, రెండోదాంట్లో అల్లం నిమ్మ. గ్యాస్ కనెక్షన్ ఇచ్చి, సిలిండర్ తెరిచే ఉంచి, వేరే పనుల్లో పడిపోయాను. ఫంక్షన్ రోజు పొద్దున కెగ్‌లు కారెక్కిద్దామని చూస్తే రెగ్యులేటర్ ముల్లు సున్నా మీద ఉంది. అంతకు ముందు వారమే నింపించిన రెండు కిలోల సిలిండర్ ఖాళీ. నన్నారి గ్లాసులో పోస్తే నురగ లేవలేదు, ఉత్త షర్బత్తులా ఉంది. మూడు రోజులు ఆ గదిలో తిరిగినా నాకు తెలియలేదు. వంటగ్యాస్‌కి కావాలనే వాసన కలుపుతారు, లీకైతే ఇల్లంతా తెలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌కి ఆ వాసన లేదు. ఫ్యాను చప్పుడులో బుస్సుమనే శబ్దం కూడా వినపడలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను. లీకు ఎక్కడుందో చూడకుండానే ముందు కొత్త మూత తెప్పించాను. లీకు పోలేదు. పైపుని కెగ్‌కి తగిలించే కనెక్టర్లు కొత్తవి తెప్పించాను. అప్పటికీ పోలేదు. కెగ్గే పాడైందేమో, కొత్తది కొందామా అనుకుంటున్నప్పుడు గ్యాస్ పోస్ట్, అంటే గ్యాస్ లోపలికి వెళ్ళే స్టీలు ముక్కు, విప్పి చూశాను. లోపలి గొట్టం మెడకి ఉండే చిటికెన వేలి గోరంత రబ్బరు రింగు ఎండిపోయి, ఒకచోట పగిలి ఉంది. ఆ రింగు మార్చడానికి పట్టింది పది నిమిషాలు.

కెగ్ అనగానే చాలామందికి బీరే గుర్తొస్తుంది. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు గానీ, మరే మద్యం గానీ తయారు చేయడం మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి ఇక్కడ నేను మాట్లాడేది సోడా గురించే. నిజానికి ఈ సన్నటి, పొడుగాటి 19 లీటర్ల స్టీలు కెగ్ పుట్టిందే కూల్‌డ్రింకుల కోసం. కార్నీ కెగ్ అంటారు దీన్ని. కూల్‌డ్రింక్ కంపెనీలు అట్టపెట్టెల్లోని సిరప్ సంచులకి మారిపోయాక పాత కెగ్‌లు ఇళ్ళలో బీరు చేసుకునే విదేశాలవాళ్ళ చేతికి వెళ్ళాయి. లోపల ఏది పోసినా గ్యాస్ తప్పించుకునే దారులు మాత్రం అవే.

లీకులా కనిపించే లీకు కానివి

సామాన్లు కొనే ముందు అసలు లీకు ఉందా లేదా అన్నది తేల్చుకోవాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా కంగారు పడేది ఇక్కడే.

కెగ్‌లో 18 లీటర్ల నీళ్ళు పోసి, పైనున్న లీటరు ఖాళీలోకి 30 పీఎస్ఐ (గేజ్ మీద ఒత్తిడి కొలత) గ్యాస్ పట్టించి, సిలిండర్ కట్టేశారనుకోండి. తెల్లారేసరికి ముల్లు దాదాపు సున్నాకి వస్తుంది. గ్యాస్ బయటికి పోలేదు, నీళ్ళు తాగేశాయి. కెగ్‌ని అటూ ఇటూ ఊపితే పది నిమిషాల్లోనే ఆ తగ్గుదల కనిపిస్తుంది. సోడా అంటేనే నీళ్ళలో కలిసిన గ్యాస్ కదా. అందుకే నీళ్ళున్న కెగ్‌తో లీకు పరీక్ష చేయకూడదు. ఖాళీ కెగ్‌తోనే చేయాలి.

రెండోది చలువ. మన మే నెలలో 33 డిగ్రీలున్న గదిలో ఖాళీ కెగ్‌కి 30 పీఎస్ఐ పట్టించి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే, చుక్క లీకు లేకపోయినా ముల్లు 26 దగ్గరికి దిగుతుంది. చల్లబడిన గ్యాస్ ముడుచుకుంటుంది, అంతే. కాబట్టి పరీక్ష మొదలైనప్పుడూ అయిపోయినప్పుడూ కెగ్ ఒకే వేడిలో ఉండాలి.

మూడోది సిలిండర్ మీది పెద్ద గేజ్. నింపిన సిలిండర్‌లో గ్యాస్ చాలావరకు ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం మిగిలి ఉన్నంతసేపూ ముల్లు కదలదు, అయిపోగానే గబగబా పడిపోతుంది. దానికి తోడు 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవంగా ఉండదు. అంటే నెల్లూరు ఎండాకాలంలో మధ్యాహ్నం ఆ గేజ్ చూసి సిలిండర్‌లో ఎంత మిగిలిందో చెప్పలేం. తూకం వేస్తేనే తెలుస్తుంది. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ దగ్గర చెక్కి ఉంటుంది, అది తీసేస్తే మిగిలింది గ్యాస్.

ఎంత వాడకం మామూలో తెలిస్తే ఎంత వృథా అయిందో తెలుస్తుంది. 19 లీటర్ల సోడాకి మంచి ఘాటు రావాలంటే సుమారు 150 గ్రాముల గ్యాస్ నీళ్ళలో కలవాలి. ఆ సోడాని 30 పీఎస్ఐతో చివరిదాకా బయటికి తోయడానికి ఇంకో వంద గ్రాములు. అంటే కెగ్‌కి పావు కిలో. రెండు కిలోల సిలిండర్‌తో ఏడెనిమిది కెగ్‌లు రావాలి. మీకు మూడే వస్తున్నాయంటే అనుమానించాల్సిందే.

లీకు పట్టే పద్ధతుల్లో ఏది మేలు

అందరూ చెప్పేది సబ్బు నీళ్ళు. నేనూ ముందు దానికే ఓటేస్తాను, కాకపోతే చేసే తీరు ముఖ్యం. గిన్నెలు తోమే లిక్విడ్ రవ్వంత నీళ్ళలో చిక్కగా కలిపి, బ్రష్‌తో నురగ లేకుండా రాయాలి. స్ప్రే కొడితే ముందే బుడగలు వస్తాయి, ఏది లీకు బుడగో ఏది స్ప్రే బుడగో తెలియదు. రాశాక ఒక్కో చోట నిమిషం పాటు కళ్ళు తిప్పకుండా చూడాలి. పెద్ద లీకు వెంటనే పొంగుతుంది. చిన్న లీకు ఆవగింజంత తెల్లటి నురగగా మెల్లగా పేరుకుంటుంది. నా కెగ్‌లో పోస్ట్ కింద మర దగ్గర కనిపించింది ఆ తెల్లటి గీతే. మొదటిసారి తడి మెరుపనుకుని తుడిచేశాను.

నీళ్ళలో ముంచడం ఇంకా ఖచ్చితమైనది. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి, గ్యాస్ పట్టించిన ఖాళీ కెగ్‌ని తలకిందులుగా ముంచితే మూత, రెండు పోస్టులు, ఎక్కువైన ఒత్తిడిని వదిలేసే రిలీఫ్ వాల్వు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. సబ్బుకి దొరకని సన్న లీకు కూడా దీనికి దొరుకుతుంది. ఖాళీ కెగ్ నీళ్ళ మీద తేలుతుంది కాబట్టి గట్టిగా నొక్కి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. రెగ్యులేటర్‌ని మాత్రం ముంచకండి, గేజ్‌లో నీళ్ళు దూరితే అది పనికిరాదు.

ఈ రెండింటికీ దొరకని వాటికి రాత్రంతా వదిలే పరీక్ష. సిలిండర్, రెగ్యులేటర్, పైపు అన్నీ బిగించి, కెగ్ తగిలించకుండా ఒత్తిడి పెట్టి, సిలిండర్ వాల్వు కట్టేసి, రెండు గేజ్‌ల మీదా ముల్లు ఉన్నచోట మార్కర్‌తో గీత పెట్టండి. తెల్లారి వేడి తక్కువ కాబట్టి ముల్లు కొద్దిగా దిగడం సహజం. బాగా దిగితే తప్పు కెగ్‌ది కాదు, సిలిండర్ నుంచి కనెక్టర్ దాకా ఉన్న దారిలో ఉంది. ముల్లు నిలబడితే తప్పు కెగ్‌ది. ఈ ఒక్క పరీక్ష ముందు చేసి ఉంటే నాకు మూత, కనెక్టర్ల డబ్బులు మిగిలేవి. మీకు ఒకే పద్ధతికి ఓపిక ఉందంటే ఇదే చేయమంటాను. ఇల్లు రెండు భాగాలయ్యాక దొంగని పట్టడం తేలిక.

ఏ లీకుకి ఏ మరమ్మతు

పోస్ట్ అంటే మూత పక్కన నిలబడే రెండు చిన్న స్టీలు ముక్కులు. ఒకటి గ్యాస్ లోపలికి, ఇంకొకటి సోడా బయటికి. ఒక్కో ముక్కులో లీకయ్యే చోట్లు మూడు. బయట నడుముకి ఉండే రింగు, లోపల మధ్యలో స్ప్రింగు మీద కూర్చునే పిన్ను, అడుగున గొట్టం మెడకి ఉండే రింగు. మూడింట్లో ఏది పోయిందో విప్పకుండానే చెప్పొచ్చు.

కనెక్టర్ తగిలించినప్పుడే లీకై, తీసేయగానే ఆగిపోతే బయటి రింగు. కనెక్టర్ తీసినప్పుడు మధ్య రంధ్రంలోంచి బుడగలొచ్చి, తగిలించగానే ఆగితే పిన్ను. తగిలించినా తీసినా ఒకేలా మర కిందనుంచి వస్తుంటే అడుగు రింగు. సోడా వైపు అడుగు రింగు పోతే ఇంకో గుర్తు ఉంటుంది. పైనున్న గ్యాస్ సోడా గొట్టంలోకి దూరి, గ్లాసులో సోడాకి బదులు నురగ పడుతుంది. చాలామంది ఒత్తిడి ఎక్కువైందని రెగ్యులేటర్ తగ్గిస్తూ పోతారు, కారణం రింగు.

బయటి రింగు అయితే ఆలోచించకుండా మార్చేయండి. కనెక్టర్ ఎక్కించి దించిన ప్రతిసారీ రాసుకుపోయే రింగు అది, అరగడం దాని పని. పాత రింగు తీయడానికి కత్తి మొన వాడొద్దు. స్టీలు మీద గీత పడితే కొత్త రింగు కూడా ఆ గీత వెంబడి లీకవుతుంది. పళ్ళు కుట్టుకునే చెక్క పుల్ల చాలు.

పిన్ను అయితే మార్చే ముందు కడగండి. మన సోడాలో చక్కెర ఎక్కువ. నన్నారి సిరప్ ఎండి గాజుపెంకులా పిన్ను అంచుకి అంటుకుంటుంది. నేను ఒకసారి విప్పి చూస్తే పిన్ను రబ్బరు బాగానే ఉంది, దాని మీద గసగసాలంత చక్కెర పలుకు ఒకటి కూర్చుని ఉంది. గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టి స్ప్రింగుని నాలుగుసార్లు నొక్కితే సర్దుకుంది. కడిగాక కూడా లీకైతే పిన్ను మార్చాలి. పిన్నుల్లో కొలతలు చాలా రకాలున్నాయి, ఒక కంపెనీది ఇంకోదానికి సరిపోకపోవచ్చు. పాతదాన్ని పక్కన పెట్టుకుని పొడవు, స్ప్రింగు కాళ్ళు చూసి కొనాలి. సరిపోయేది దొరక్కపోతే పోస్టునే పిన్నుతో కలిపి మార్చడం మేలు. తంటాలు తక్కువ.

అడుగు రింగు కోసం పోస్ట్ విప్పాలి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రిలీఫ్ వాల్వు లాగి కెగ్‌లో గ్యాస్ మొత్తం వదిలేసి, ఇక శబ్దం రావట్లేదని తేల్చుకున్నాకే స్పానర్ పట్టుకోండి. 30 పీఎస్ఐ మీద ఉన్న పోస్ట్ చివరి మర దగ్గర చేతిలోంచి ఎగిరిపోతుంది. మొహం దాని పైన పెట్టకండి. బిగించేటప్పుడు బలం చూపించొద్దు. ఇక్కడ గ్యాస్‌ని ఆపేది రింగు, మర కాదు. ఎక్కువ బిగిస్తే స్టీలు మరలు ఒకదాన్నొకటి కరుచుకుని మళ్ళీ విప్పడానికి రావు. అదే కారణంతో పోస్ట్ మరలకి టెఫ్లాన్ టేపు చుట్టినా లాభం లేదు. గ్యాస్ వైపు పోస్ట్ సోడా వైపుకి, అది ఇటువైపుకి మార్చి బిగించకుండా చూసుకోండి. గ్యాస్ పోస్ట్ అడుగు అంచుల్లో గాట్లు ఉంటాయి, అదే గుర్తు.

ఇక మూత. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఈ మూత లోపలి నుంచి పైకి ఆనుకుంటుంది కాబట్టి ఒత్తిడి పెరిగేకొద్దీ గట్టిగా కూర్చుంటుంది. అందుకే మూత లీకుకి గుర్తు ఏంటంటే, తక్కువ ఒత్తిడిలో లీకై, ఎక్కువ ఒత్తిడిలో ఆగిపోతుంది. దీనికి వరసగా చేయాల్సినవి ఉన్నాయి, పైసా ఖర్చు లేనిదాంతో మొదలుపెట్టండి. మూత తీసి, రింగు తడిపి, మూతని అటుదిటు తిప్పి పెట్టి, లివర్ మూసి, ఒక్కసారిగా 30 పీఎస్ఐ పెట్టండి. టక్కుమని కూర్చున్న శబ్దం వస్తుంది. చాలా లీకులు ఇక్కడే పోతాయి. పోకపోతే మెత్తటి, కొంచెం లావైన రింగు వేయండి. లివర్ కాళ్ళ కింద రబ్బరు తొడుగులు అరిగిపోయి ఉంటే అవి మార్చండి, పట్టు పెరుగుతుంది. ఇవన్నీ అయ్యాకే కొత్త మూత. నేను మాత్రం చివర చేయాల్సింది మొదట చేశాను.

కెగ్ నోరే వంగి ఉంటే మూత మార్చినా ఫలితం ఉండదు. చదునైన గాజు పలక మీద మూత పెడితే మూత వంపు తెలుస్తుంది. కెగ్ నోటి చుట్టూ వేలితో నిమిరితే నొక్కు తెలుస్తుంది. చిన్న నొక్కుకి మెత్తటి రింగు సరిపోతుంది. పెద్ద నొక్కైతే ఆ కెగ్‌ని నీళ్ళకి వాడుకోండి, గ్యాస్ పెట్టొద్దు.

మూత మీది రిలీఫ్ వాల్వు లీకైతే విప్పి కడగాలి, కాకపోతే కొత్తది వేయాలి. దానికి ఎం-సీల్ పెట్టి మూసేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రెగ్యులేటర్ చెడిపోయి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే కెగ్‌ని కాపాడేది ఆ ఒక్క వాల్వే. కెగ్ ఒంటికి వెల్డింగ్ చేయించడం కూడా అంతే. గేటుకి వెల్డింగ్ చేసే చెయ్యి వేరు, ఒత్తిడి నిలబెట్టే పాత్రకి చేసే చెయ్యి వేరు. ఒంటిమీద సూదిబెజ్జం పడిందంటే ఆ కెగ్ ఆయుష్షు తీరినట్టే.

నల్ల రింగా, తెల్ల రింగా

రింగుల్లో మూడు రకాలు మనకి దొరుకుతాయి. నైట్రైల్, ఈపీడీఎం, సిలికాన్. మొదటి రెండూ సాధారణంగా నల్లగా ఉంటాయి, చూసి తేడా చెప్పడం కష్టం, అడిగి తీసుకోవాలి. సిలికాన్ తెల్లగానో, ఎర్రగానో, పారదర్శకంగానో ఉంటుంది, గోరుతో నొక్కితే మెత్తగా దిగుతుంది.

గ్యాస్‌ని ఆపడంలో నైట్రైల్ మిగతా రెండింటి కంటే మేలు. సిలికాన్ లోంచి కార్బన్ డయాక్సైడ్ దానికంటే పదుల రెట్లు ఎక్కువగా చొరబడుతుంది, రింగు ఎక్కడా పగలకపోయినా సరే. కానీ సిలికాన్ మెత్తన కాబట్టి వంకర మూతకి కూడా అతుక్కుపోతుంది. వారంలో తాగేసే సోడాకి ఆ చొరబాటు లెక్కలోకి రాదు, రెండు నెలలు నిల్వ ఉంచితే తెలుస్తుంది. ఈపీడీఎం మధ్యరకం. వేడినీళ్ళకీ, సోడాకారం లాంటి కడిగే మందులకీ బాగా తట్టుకుంటుంది, నూనె తగిలితే మాత్రం ఉబ్బిపోతుంది.

నా కెగ్‌లకి నేను స్థిరపడిన పద్ధతి ఇది. పోస్టుల దగ్గర నాలుగు చిన్న రింగులూ నైట్రైల్. పాత కెగ్‌కి మూత రింగు సిలికాన్. కొత్త కెగ్ నోరు తిన్నగా ఉంది కాబట్టి దానికి మూత రింగు కూడా నైట్రైలే. ప్రతిసారీ మరిగే నీళ్ళతో కడిగే అలవాటుంటే నైట్రైల్ బదులు ఈపీడీఎం తీసుకోండి.

ఎక్కడ దొరుకుతాయన్నది రెండో ప్రశ్న. కెగ్ రింగుల సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, వచ్చేసరికి రోజులు పడుతుంది. ఒకసారి అర్జంటై ఒంగోలులో హైడ్రాలిక్ సామాన్ల షాపుకి వెళ్ళాను. చీమకుర్తి గ్రానైట్ క్వారీల మిషన్లకి రింగులమ్మే షాపది, గోడంతా మేకులకి దండల్లా వేలాడుతున్నాయి. పాత రింగు చేతికిస్తే షాపాయన వెర్నియర్‌తో లోపలి కొలత, మందం చూసి, “నూనెకా, నీళ్ళకా అన్నా?” అని అడిగాడు. “తాగే సోడాకి” అన్నాను. “అట్టయితే ఇది గ్యాస్ పైపు కాడ వాడుకో. తాగేదాంట్లో మునిగే చోట వద్దు, ఇవి తిండి సరుకుకి చేసినవి కాదు” అని ఆయనే చెప్పాడు. అమ్ముకునే మనిషి అలా చెప్పినందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. మీరూ అదే పాటించండి. రెగ్యులేటర్, పైపు వైపు హైడ్రాలిక్ షాపు రింగు వాడొచ్చు. సోడా తగిలే చోట ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉన్నదే వేయాలి. ఫుడ్ గ్రేడ్‌వి రెండు సెట్లు ముందే కొని ఇంట్లో పెట్టుకుంటే ఆ పరుగు ఉండదు.

రింగుకి రాసే గ్రీజు విషయంలో కూడా పొరపాట్లు జరుగుతాయి. నైట్రైల్‌కీ ఈపీడీఎంకీ ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు సన్నటి పొరగా రాస్తే చాలు, వేలికి జిడ్డు తగిలితే సరిపోయినట్టే. అదే గ్రీజు సిలికాన్ రింగుకి రాస్తే రింగు ఉబ్బుతుంది, దానికి ఉత్త నీళ్ళే చాలు. వాజ్‌లైన్, కొబ్బరినూనె, బండి గ్రీజు దేనికీ రాయకండి. ఈపీడీఎం రింగు వాటితో పాడైపోతుంది, పైగా నూనె జిడ్డు సోడా నురగని చంపేస్తుంది.

పైపులు, క్లిప్పులు

దీని గురించి ఎక్కువ చెప్పను. గ్యాస్ పైపుకి స్క్రూతో బిగించే క్లిప్పు రొయ్యల చెరువుల సామాన్లమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది, మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. సన్నటి పైపుకి అది గుండ్రంగా బిగుసుకోదు, స్క్రూ ఉన్న పక్కన సందు మిగులుతుంది. చెవి నొక్కి బిగించే క్లిప్పు చుట్టూ సమానంగా పడుతుంది, కాకపోతే ఒక్కసారికే పనికొస్తుంది, దానికి కటింగ్ ప్లయర్ లాంటి పనిముట్టు కావాలి. మార్చే పని లేని చోట చెవి క్లిప్పు, తరచూ విప్పే చోట స్క్రూ క్లిప్పు. తోస్తే అతుక్కునే ఫిట్టింగులు వాడేవాళ్ళు పైపు కొసని బ్లేడుతో తిన్నగా కోయాలి. కత్తెరతో కోస్తే కొస నలిగి వాలుగా అవుతుంది, లీకు అక్కడే మొదలవుతుంది.

సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగించే నట్టు దగ్గర వాషర్ ఉండే రకమైతే సిలిండర్ మార్చిన ప్రతిసారీ దాన్ని చూడండి. నొక్కు పడితే కొత్తది వేయండి. అక్కడ టెఫ్లాన్ టేపు పనికిరాదు. టేపు పనికొచ్చేది గేజ్‌లు రెగ్యులేటర్‌లోకి బిగించే వాలు మరలకి మాత్రమే.

గ్యాస్ తెరిచి ఉంచాలా, కట్టేయాలా

తెరిచి ఉంచితే సోడా ఒకే ఘాటుతో ఉంటుంది, పోసేకొద్దీ లోపల ఒత్తిడి నిండుతుంది. కానీ ఎక్కడో ఒక చిన్న లీకుంటే సిలిండర్ మొత్తం పోతుంది. కట్టేస్తే పోయేది ఆ కెగ్‌లో ఉన్న గ్యాసే. లీకు పరీక్ష పూర్తయి, వారం పాటు సిలిండర్ తూకం నిలబడేదాకా కట్టేసే ఉంచండి. నేనైతే ఇప్పటికీ రాత్రిపూట కట్టేస్తాను. మంచి ఫ్రిజ్ ఉంటే 4 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ సరిపోతుంది. 30 డిగ్రీల గదిలో అదే ఘాటు రావాలంటే 80 పీఎస్ఐ పైనే పెట్టాలి. ఆ ఒత్తిడిలో ప్రతి చిన్న సందూ పెద్ద లీకవుతుంది. రింగులు మార్చీ మార్చీ విసిగిపోయినవాళ్ళు ముందు కెగ్‌ని చల్లగా పెట్టి చూడాలని నా సలహా.

ఇది డబ్బులతో పోయేది కూడా కాదు. రెండు కిలోల సిలిండర్ మొత్తం బయటికొస్తే వెయ్యి లీటర్ల పైన గ్యాస్. పది అడుగుల చదరపు గది, తలుపులు మూసి, ఏసీ వేసి ఉందనుకుంటే గాలిలో అది నాలుగు శాతం దగ్గరికి చేరుతుంది. మనిషి ప్రాణానికి ప్రమాదమని లెక్కగట్టే హద్దు అది. గాలికంటే బరువు కాబట్టి కింద పేరుకుంటుంది, చాప మీద పడుకున్న పిల్లలకి ముందు తగులుతుంది. నా సిలిండర్ ఖాళీ అయిన గదికి ఎప్పుడూ తెరిచి ఉండే కిటికీ ఉంది, మెల్లగా మూడు రోజుల్లో పోయింది కాబట్టి ఏమీ కాలేదు. ఇప్పుడు సిలిండర్ వెనక వరండాలో నీడన, గోడకి గొలుసుతో కట్టి నిలబెట్టాను. ఎండ తగలనివ్వకండి, పడుకోబెట్టకండి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి దూరి దాన్ని పాడు చేస్తుంది. రెగ్యులేటర్ లోపల లీకుంటే, అంటే పెట్టిన ఒత్తిడి దానంతటదే పైకి పాకుతుంటే, ఇంట్లో విప్పకుండా కొత్తది కొనండి. మిగతా అన్నిచోట్లా పొదుపు చేయమన్నాను, ఇక్కడొద్దంటాను.

పాత కెగ్ కొనేటప్పుడు

రింగులన్నీ మార్చినా లీకు ఆగకపోతే, పోస్టుల మరలు అరిగిపోతే, అప్పుడు ఇంకో కెగ్ సంగతి ఆలోచించాలి. పాతది చవగ్గా వస్తుంది, కొత్తదానికి వంకలేని నోరు ఉంటుంది. వాడకం నెలకి ఒకటి రెండుసార్లైతే పాతది చాలు. ఫంక్షన్లకి ఊళ్ళు తిప్పేవాళ్ళకి కొత్తదే నయం, ఎందుకంటే కారులో కుదుపులకి పాత మూతలు జరుగుతాయి.

పాతది చూడ్డానికి వెళ్ళేటప్పుడు సబ్బు నీళ్ళు, బ్రష్, మీ రెగ్యులేటర్ వెంట తీసుకెళ్ళండి. నాకు అమ్మినాయన “లీకు లేదు” అన్నాడు, నేను నోటిమాట నమ్మి తెచ్చుకున్నాను. కెగ్ ఒంటిమీద చెక్కిన గరిష్ఠ ఒత్తిడి చదవండి, చాలావాటి మీద 130 పీఎస్ఐ అని ఉంటుంది. పోస్టులు గుండ్రటి గాడి ఉండే బాల్ లాక్ రకమా, పక్కలకి పుల్లలు పొడుచుకొచ్చే పిన్ లాక్ రకమా చూడండి, ఒకదాని కనెక్టర్ ఇంకోదానికి పట్టదు. ఇంట్లో ఉన్నది ఏ రకమో అదే తీసుకోండి. అక్కడే 30 పీఎస్ఐ పెట్టి, మూత చుట్టూ సబ్బు రాసి, తర్వాత ఒత్తిడిని 5కి దించి మళ్ళీ చూడండి. 30 దగ్గర బాగుండి 5 దగ్గర బుడగలొస్తే అది మూత రింగు, అదొక్కటే అయితే ధైర్యంగా తీసుకోవచ్చు. చివరిగా లోపలికి టార్చి వేసి అడుగు చూడండి, ముక్కు పెట్టి వాసన కూడా చూడండి. పాత రింగులు వాసన పీల్చుకుంటాయి, వాటిని పారేస్తే పోతుంది. అడుగున నల్లటి గుంటలు పడి ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వదిలేసి రండి.